బ్రిక్‌టాప్ కథకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న ఆదివారం సాయంత్రం పెదవాల్తేరులోని ఒక నాట్య పాఠశాల హాలులో బ్రిక్‌టాప్ జీవితాన్ని తెలుగులో కథగా చెప్పాను, మధ్యమధ్య పాడాను. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుని విన్నవారున్నారు. అయిపోయాక అందరూ నన్నే మెచ్చుకుని వెళ్లారు. ఆ మెప్పులో నా వాటా చిన్నది. మిగతా వాటాదారులు ఎవరో ఇక్కడ చెప్పి తీరాలి.

రాలేకపోయినవారికి ముందుగా ఆమె ఎవరో చెబుతాను. అసలు పేరు ఏడా స్మిత్. 1894లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, ఆల్డర్సన్ అనే చిన్న ఊళ్లో నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి పోతే తల్లి పిల్లలను వెంటబెట్టుకుని షికాగో చేరింది, గదులు అద్దెకిచ్చి వాళ్లను పెంచింది. పదహారేళ్ల వయసుకే ఏడా నాటక బృందాలతో ఊళ్లు తిరుగుతూ పాడేది, ఆడేది. ఇటుక రంగు జుట్టు చూసి న్యూయార్క్ హార్లెంలో క్లబ్బు నడిపే బారన్ విల్కిన్స్ ఆమెను బ్రిక్‌టాప్ అన్నాడు. ఆ పేరే నిలిచింది. అదే క్లబ్బులో వాయించడానికి తర్వాత జాజ్ సంగీతంలో మహా పేరు తెచ్చుకున్న, అప్పటికింకా పేరు రాని డ్యూక్ ఎలింగ్టన్ ఉన్న బృందాన్ని పెట్టించింది కూడా ఆమే.

ఈ కథ నా చేతికి వచ్చింది ఒక మాస్టారి వల్ల. ఆయన ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో పరిచయం. ఆర్కెస్ట్రాలో పాడే మనిషినని తెలిసి, జేమ్స్ హాస్కిన్స్‌తో కలిసి బ్రిక్‌టాప్ 1983లో వెలువరించిన ఆత్మకథను ఇంటి నుంచి తెచ్చి చేతిలో పెట్టారు. నా ఇంగ్లిష్ అంతంత మాత్రం. మాస్టారు రోజూ సాయంత్రం కూర్చుని పేజీ పేజీ చదివి చెప్పారు. అలసిపోయినా చెప్పారు, కళ్లద్దాలు మార్చుకునే వారంలోనూ భూతద్దం పెట్టుకుని చెప్పారు. మాస్టారూ, మీకు పాదాభివందనం.

అందులో నన్ను కదలనివ్వని ఘట్టం 1924 నాటిది. పారిస్‌లో ఉద్యోగమంటే ఓడెక్కి సముద్రం దాటి వెళ్లింది. తీరా చూస్తే ఆ గ్రాండ్ డ్యూక్ అనే క్లబ్బు పట్టుమని డజను బల్లలు పట్టే గది. బయటి బారు ఇదైతే అసలు హాలు ఎక్కడ అని అడిగిందట. ఇదే హాలు అన్నారు. ఏడ్చేసింది. అప్పుడు వంటింట్లోంచి ఒక కుర్రవాడు వచ్చి ఓదార్చి అన్నం పెట్టాడు. ఆ కుర్రవాడు లాంగ్‌స్టన్ హ్యూస్. తర్వాత అమెరికా గర్వించే కవి అయ్యాడు, అప్పుడు మాత్రం అక్కడ గిన్నెలు కడుగుతున్నాడు. ఈ చోటు చెబుతుంటే నా గొంతు పట్టేసింది. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి వచ్చి మంచినీళ్ల సీసా అందించారు. అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను.

ఆ చిన్న గదిలోనే ఆమె పాట విని, చార్ల్స్‌టన్ నాట్యం చూసి కోల్ పోర్టర్ అనే గీతకర్త ముచ్చటపడ్డాడు. తన ఇంటి విందులకు వచ్చే పెద్దలకు ఆ అడుగులు నేర్పమన్నాడు. అక్కడి నుంచి దశ తిరిగింది. కొన్నేళ్లకే పిగాల్ వీధిలో ఆమె పేరుతోనే క్లబ్బు వెలిసింది.

ఆ చార్ల్స్‌టన్ నడక నాకు ఎంతకీ పట్టుబడలేదు. వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఒకాయన, ఒకప్పుడు క్రిస్మస్ డాన్సులకు శాక్సాఫోన్ వాయించినవారు, స్టీలు గ్లాసు మీద పెన్సిలుతో కొట్టి చూపించారు. ఎనిమిది లెక్కల్లో ఒకటో దాని మీద ఒక దెబ్బ, నాలుగో దాని మీద ఒక దెబ్బ, తక్కినదంతా ఖాళీ. "ఆ ఖాళీలోనే కాలు ఎగరాలమ్మా" అన్నారు. మా తబలా తమ్ముడు పక్కనే ఉండి దాన్ని వెంటనే చేతిలోకి తెచ్చుకున్నాడు. ఊపిరి ఆడని మనిషి అయినా అంకుల్ కార్యక్రమం రోజు వాద్యం పట్టుకుని వచ్చి రెండు చరణాలు వాయించారు. హాలంతా లేచి నిలబడింది. అంకుల్, ఇది జన్మలో మరచిపోను.

పాడే మనిషి కష్టం నాకు తెలుసు. ఒక చోటును నడిపే మనిషి కష్టం తెలియదు. ఎందరో పాడారు; బ్రిక్‌టాప్ గొప్పతనం ఆ రెండోదానిలోనే ఉందని నా గట్టి నమ్మకం. ఆమె గొంతు రికార్డుల్లో మిగిలింది చాలా తక్కువ. కానీ మేబెల్ మెర్సర్ లాంటి గాయని ఏళ్ల తరబడి పాడింది ఆమె క్లబ్బులోనే. పారిస్ కొత్తగా వచ్చిన జోసఫిన్ బేకర్ అనే నర్తకిని చేరదీసింది ఆమే. దీన్ని మాటల్లో పెట్టలేక సతమతమవుతుంటే, ద్వారకానగర్‌లో మెస్ నడిపే పిన్నిగారు నన్ను మధ్యాహ్నం రద్దీ వేళ గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకున్నారు. చేతులు చిల్లర లెక్కపెడుతున్నా కళ్లు బల్లల మీదే. మూలన కోచింగ్ కుర్రవాడు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "వాడికి పెరుగు వేసి రా, ఇవాళ డబ్బులు అడగకు" అని సర్వరుతో మెల్లగా అన్నారు. ఎవరిని గోడవారగా కూర్చోబెట్టాలో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోనివ్వకూడదో కూడా చెప్పారు. కథలో క్లబ్బు భాగమంతా ఆ రాత్రే తిరగరాశాను. పిన్నిగారూ, మీరు పంపిన ఉప్మా, కాఫీలకు వేరే కృతజ్ఞతలు.

హాలు సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదట ఇస్తామన్నవారు కరపత్రంలో నైట్‌క్లబ్ యజమానురాలు అన్న మాట చూసి కాదన్నారు. బాధ కలిగింది. 1943లో క్యాథలిక్ మతం స్వీకరించి భక్తితో బతికిన మనిషి, శ్రమించి సంపాదించుకున్న మనిషి. వృత్తి పేరు విని మొహం తిప్పుకోవడం న్యాయం కాదు. నాట్య పాఠశాల గురువుగారు ఆ మాట వినగానే, అద్దె ఊసెత్తకుండా తాళాలు ఇచ్చేశారు. ఆడది సొంత కాళ్ల మీద నిలబడిన కథను తన శిష్యురాళ్లు వినాలన్నారు. వాళ్లే తివాచీలు పరిచారు, దీపాలు అమర్చారు.

1939లో యుద్ధం ముంచుకొస్తే బ్రిక్‌టాప్ పారిస్ వదిలి అమెరికా చేరింది. తర్వాత మెక్సికో నగరంలో మళ్లీ మొదలుపెట్టింది, ఆపైన రోమ్‌లో వియా వెనెటో వీధిలో. 1961లో విరమించి, 1984లో న్యూయార్క్‌లో కన్నుమూసింది. ఈ చివరి భాగాన్ని హరికథ పద్ధతిలో నడపమని సలహా ఇచ్చింది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివిన అన్నయ్య. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాల అది. కథను ఎక్కడ నిలపాలో, ఎక్కడ పరుగెత్తించాలో అన్నయ్యకు ఆ గాలిలోనే అబ్బింది. మూడు దేశాలను ఒక్క పాటలో దాటించాను. జనం చప్పట్లతో తాళం వేశారు.

రిహార్సల్ రోజుల్లో మా అమ్మకు వేళకు మందులిచ్చి కనిపెట్టుకున్న పక్కింటి వదినకు, మైకులు పెట్టి పైసా పుచ్చుకోని సౌండ్ తమ్ముడికి, ఫ్రెంచి పేర్లు పలకడం దిద్దిన మేడమ్‌కు, వందా రెండొందలూ చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం. ఖర్చులు పోను మిగిలిన డబ్బు అంకుల్ శాక్సాఫోన్ బాగుచేయించడానికి ఇస్తున్నాం. చందా ఇచ్చినవారికి అభ్యంతరం ఉంటే ఈ వారంలో నాకు చెప్పండి. విజయనగరంలోనూ ఈ కథ చెప్పమని అడుగుతున్నారు. అక్కడ హాలు చూసిపెట్టగలవారు ఉంటే, పిన్నిగారి మెస్‌లో కబురు చెప్పినా నాకు అందుతుంది.