కణితిని చేరేది ఎంత? ఆ లెక్క కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. కంటికి కనబడనంత సూక్ష్మమైన నానో రేణువులను శరీరంలోకి పంపి, వాటిని వేడెక్కించి క్యాన్సర్ కణితులను నిర్మూలించే చికిత్స గురించి మీ పత్రిక విజ్ఞాన పుటలో అప్పుడప్పుడు వార్తలు వస్తున్నాయి. ఇటువంటి విషయానికి చోటివ్వడం మెచ్చుకోదగినదే. అయితే ఆ వార్తలన్నింటిలోనూ ఒక వాక్యం ఇంచుమించు ఒకేలా కనిపిస్తోంది: రేణువులు రక్తంలో ప్రయాణించి ‘నేరుగా కణితిలోకి చేరుకుంటాయి’ అని. ఆ మాట సరికాదని, ఈ రంగంలో దశాబ్దాలుగా తేలని చిక్కంతా ఆ మాట వెనుకే ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చాలా కాలం భౌతికశాస్త్రం బోధించాను. మా అక్కయ్య క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న రోజుల్లో ఇలాంటి వార్త ఒకటి కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. నేను వెళ్లినప్పుడల్లా దాన్ని తీసి, ‘ఇది మనకెప్పుడొస్తుందిరా?’ అని అడిగేది. ఆ వార్తలోని ప్రయోగం జరిగింది ఎలుకల మీద అన్న సంగతి చివరి పేరాలో ఎక్కడో ఒక్క ముక్కలో ఉంది. ఆమె అంత దూరం చదవలేదు. చదవలేదని ఆమెను తప్పుపట్టడం నాకు చేతకాలేదు.

వేడి పనిచేస్తుందా అన్నదాంట్లో పెద్దగా సందేహం లేదు. కణితిని 42, 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు నిలిపితే అందులోని కణాలు దెబ్బతింటాయి, రేడియోథెరపీకి మరింత లొంగుతాయి. 43 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ అదే ఫలితానికి పట్టే సమయం సుమారు సగానికి తగ్గుతుందని, అంటే 43 దగ్గర గంట పట్టే పని 44 దగ్గర అరగంటలో అవుతుందని 1984 నుంచీ ఒక లెక్క వాడుకలో ఉంది. కష్టమల్లా చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలాన్ని ముట్టుకోకుండా, లోపలెక్కడో ఉన్న గడ్డను మాత్రమే వేడెక్కించడంలో ఉంది. బయటి నుంచి ఇచ్చే వేడి ముందు చర్మాన్ని, కొవ్వును తాకుతుంది. లోపలికి చేరిన కాస్త వేడినీ పారే రక్తం మోసుకుపోతూ ఉంటుంది. అందుకే వేడిని పుట్టించే వస్తువునే కణితిలో పెట్టాలన్న ఆలోచన వచ్చింది. దిశ మార్చుకుంటూ ఉండే అయస్కాంత క్షేత్రంలో వేడెక్కే ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఒక దారి. ఈ ఆలోచన 1957 నాటిది. చర్మాన్ని దాటి కొంత లోతు వరకు పోగల పరారుణ కాంతిని పీల్చుకుని వేడెక్కే బంగారు పూత రేణువులు మరో దారి. 2003లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో నవోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్‌ల బృందం వీటితో ఎలుకల కణితులను వేడిచేసి చూపింది.

ఇక అసలు విషయానికి వస్తాను. సెలైన్ ఎక్కించినట్టు ఈ రేణువులను నరంలోకి ఎక్కిస్తే అవి కణితిని వెతుక్కుంటూ పోవు, వాటికి ఆ జ్ఞానం లేదు. రక్తం ఎటు పారితే అటు పోతాయి. హడావిడిగా పెరిగిన కణితిలో రక్తనాళాల గోడలు సరిగా అల్లుకోక సందులు ఉంటాయనీ, ఆ సందుల్లోంచి పెద్ద అణువులు బయటికి జారి అక్కడే నిలిచిపోతాయనీ 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా చూపించారు. నానో రేణువుల మీద ఆశలన్నీ చాలా కాలం ఆ పరిశీలనను ఆధారం చేసుకునే పెరిగాయి. అయితే రేణువు రక్తంలో పడిన మరుక్షణం ప్రోటీన్లు దాని చుట్టూ పేరుకుంటాయి. దానిని పరాయి వస్తువుగా గుర్తుపట్టిన రక్షక కణాలు కాలేయంలోనూ, ప్లీహంలోనూ పట్టి మింగేస్తాయి. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థంతో పూత పూస్తే ఈ గుర్తింపు ఆలస్యమవుతుందే తప్ప ఆగిపోదు. ఆరు నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) కన్నా చిన్నవైతే మూత్రపిండాలు వడపోసి బయటికి పంపేస్తాయి. వీటన్నింటినీ తప్పించుకుని కణితి అంచుకు చేరినా, లోపల ద్రవపీడనం ఎక్కువగా ఉండటం వల్ల అవి నాళాల దగ్గరే ఆగిపోతాయి, నడిమధ్యకు చొరబడలేవు.

మరి చివరికి చేరేది ఎంత? టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్ బృందం పదేళ్లలో వెలువడిన 117 పరిశోధన పత్రాలను కూడగట్టి లెక్కకట్టి 2016లో ప్రకటించింది. ఎక్కించిన మోతాదులో కణితికి చేరిన వాటా మధ్యగత విలువ (ఫలితాలన్నింటినీ వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) 0.7 శాతం, అంటే వెయ్యికి ఏడు. ఆ లెక్క కూడా ప్రధానంగా ఎలుకలదే. అదే బృందం 2020లో మరో సంగతి బయటపెట్టింది: తాము పరిశీలించిన కణితుల్లో రేణువులు సందుల్లోంచి జారడం చాలా తక్కువనీ, 97 శాతం దాకా నాళాల గోడల్లోని కణాలే వాటిని పట్టి అవతలికి చేరవేస్తున్నాయనీ తేల్చింది. ముప్ఫై ఏళ్లపాటు నమ్మిన దారే ప్రధానమైన దారి కాకపోవచ్చునన్నమాట. ఇంత పెద్ద మలుపు గురించి పత్రికల్లో ఎంత తక్కువ చదివామో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

తక్కువ చేరితే ఏమైంది, అయస్కాంత క్షేత్రాన్ని పెంచితే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. క్షేత్రం తీవ్రత, ఆవృత్తి (సెకనుకు ఎన్ని ఆవర్తనాలన్నది) పెరిగితే రేణువులు లేనిచోట కూడా శరీరంలో విద్యుత్ ప్రవాహాలు పుట్టి ఆరోగ్యకరమైన భాగాలే వేడెక్కుతాయి. రోగి భరించగలిగే హద్దు ఒకటుంది కనుక, కణితిలో రేణువులు తగినన్ని ఉండితీరాలి. పైగా అవి సమంగా పరుచుకోవాలి. రేణువులు చేరని మూల చల్లగా మిగిలిపోతే, ఆ మూలలోని కణాలే మళ్లీ పెరుగుతాయి.

ఈ కారణంగానే మనుషులలో ముందుకు సాగిన అయస్కాంత చికిత్సలో రక్తం దారినే వదిలేశారు. జర్మనీలో గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ తిరగబెట్టిన 59 మందికి రేణువులున్న ద్రవాన్ని సూదితో నేరుగా కణితిలోకే ఎక్కించి, సెకనుకు లక్ష ఆవర్తనాల క్షేత్రంలో ఉంచి, తోడుగా రేడియోథెరపీ ఇచ్చారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం జబ్బు తిరగబెట్టినట్టు తెలిసిన నాటి నుంచి వారి మధ్యగత జీవితకాలం 13.4 నెలలు. ఆ జబ్బు తీవ్రతను బట్టి చూస్తే ఇది ఆశ కలిగించే అంకే. అయితే పోల్చిచూడటానికి వేరే రోగుల బృందం ఆ పరీక్షలో లేదు. చికిత్సకు ముందు పళ్లలోని లోహపు పూడికలు సైతం తీసివేయవలసి వచ్చేది. రేణువులు మెదడులోనే ఉండిపోవడం వల్ల ఆ తర్వాత అక్కడ ఎం.ఆర్.ఐ. స్కాన్ పనికిరాకుండా పోయేది. ఇవన్నీ రోగికి ముందే తెలియవలసిన విషయాలు.

రక్తం ద్వారా పంపి మేలు పొందిన ఉదాహరణ లేకపోలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందికి బంగారు పూత రేణువులను ఒకరోజు ముందు నరంలోకి ఎక్కించి, మర్నాడు సన్నని తంతువుల ద్వారా లేజర్ కాంతిని గ్రంథిలోకి పంపగా, 15 మందిలో చికిత్స అనుకున్నట్టు పూర్తయిందని 2019లో ప్రకటించారు. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించిన వార్త. కాని అక్కడ కూడా గురి చూసింది రేణువు కాదు, తంతువును ఎక్కడ గుచ్చాలో నిర్ణయించిన వైద్యుడు. కాంతి పడని చోట రేణువు ఉన్నా వేడెక్కదు.

ఎలుకల ఫలితాలను మనుషులకు అన్వయించేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. 25 గ్రాముల ఎలుకలో అరగ్రాము కణితి అంటే దాని బరువులో రెండు శాతం. అదే నిష్పత్తిలో 60 కిలోల మనిషికి కణితి 1,200 గ్రాములు ఉండాలి. ఎలుకలో అది కొన్ని వారాల్లో పెరుగుతుంది, మనిషిలో తరచు ఏళ్లు పడుతుంది. రెండింటిలోనూ రక్తనాళాల తీరు ఒకటే అనుకోవడానికి వీల్లేదు.

కనుక మీ విలేకరులకు, అనువాదకులకు నా విన్నపం ఇది. ఇకమీదట ఇటువంటి వార్త రాసేటప్పుడు ప్రయోగం ఎలుకల మీద జరిగిందో మనుషుల మీద జరిగిందో మొదటి పేరాలోనే రాయండి. రేణువులను నరంలోకి ఎక్కించారో, సూదితో కణితిలోకే ఎక్కించారో చెప్పండి. పరిశోధన పత్రంలో ఉంటే, ఎక్కించిన దానిలో కణితికి చేరింది ఎంత, కాలేయంలో మిగిలింది ఎంత, అది అక్కడ ఎన్నాళ్లు ఉంటుందన్న అంకెలను కూడా ప్రచురించండి. ఇనుమును శరీరం మెల్లగా కరిగించి తన నిల్వల్లో కలుపుకోగలదు, బంగారం మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోతుంది. ఈ నాలుగు వాక్యాలకు పుటలో పట్టే చోటు రెండంగుళాలకు మించదు. పత్రిక కత్తిరించి దిండు కింద పెట్టుకునే పాఠకులకు ఆ రెండంగుళాలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు