ఫ్యామిలీ ప్లానింగ్‌కు చోటుంది, ఫ్యామిలీకి లేదు: ఆరోగ్య మంత్రిగారికి బెంగళూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

డాక్టర్లు, నర్సులు కాని ఇతర ఆరోగ్య వృత్తులవాళ్ల చదువునూ నమోదునూ చూసే అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అది 2021లో వచ్చింది. దాని కింద రాష్ట్రాల్లో పెట్టాల్సిన కౌన్సిళ్లు ఎందుకు ఆలస్యమయ్యాయో, చట్టాన్ని అమలు చేయండని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఎంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందో మీ ఫైళ్లలోనే ఉంటుంది. నేను అడిగేది ఆ చట్టం చివర ఉన్న షెడ్యూలు గురించి, అంటే గుర్తింపు ఉన్న వృత్తుల జాబితా గురించి. అందులో డయాబెటిస్ ఎడ్యుకేటర్ ఉన్నారు. తల్లిపాలు పట్టడంలో సాయపడే లాక్టేషన్ కన్సల్టెంట్ ఉన్నారు. హెచ్‌ఐవీ కౌన్సెలర్, ఫ్యామిలీ ప్లానింగ్ కౌన్సెలర్ ఉన్నారు. అందరూ ఉండాల్సినవాళ్లే, నాకేమీ అభ్యంతరం లేదు. మొగుడూ పెళ్లాల్ని, అత్తమామల్ని, ఎదిగిన పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి పనిచేసే కపుల్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టు మాత్రం అందులో ఎక్కడా కనబడరు. పిల్లలు ఎంతమంది చాలో చెప్పేవాళ్లకు చోటిచ్చారు. ఉన్న పిల్లల ముందు అమ్మానాన్న కంచాలు విసురుకుంటుంటే పిలవాల్సినవాళ్లను మరిచిపోయారు.

నాది అనంతపురం జిల్లా. సోషల్ వర్క్‌లో పీజీ చేసి, బెంగళూరులో ఎక్కువగా తెలుగు కుటుంబాలతో పనిచేస్తున్నాను. ఈ సంగతి మీద నేను, నాతోటివాళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాం. ఒక కార్యాలయం నుంచి ఎట్టకేలకు ఒక అధికారి ఫోన్లో దొరికారు. మంచిగానే మాట్లాడారు. "సోషల్ వర్కర్ల కింద నమోదు చేసుకోండమ్మా, ఎవరొద్దన్నారు" అన్నారు. నిజమే, ఎవరూ వద్దనలేదు. కానీ అయ్యా, మా బాధ ఏ గడిలో టిక్కు పెట్టాలన్నది కాదు. షెడ్యూల్లో పేరు లేకపోతే దానికి సిలబస్ ఉండదు. సిలబస్ లేకపోతే సీటు ఉండదు. సీటు లేనిచోట నేర్పేవాళ్లకు జీతం ఉండదు. నేర్చుకోవాలన్నవాళ్లు సొంత డబ్బుతో, సెలవు రోజుల్లో, ఎవరి పుణ్యాన్నో బతకాలి. మా అర్జీ మొత్తం ఇదే.

ఇందులో నేర్చుకోవడానికి ఏముందండీ, నాలుగు మంచి మాటలు చెప్పడమే కదా అని మీ వాళ్లలో కొందరికి అనిపిస్తోందని మాకు తెలుసు. ఒక సంగతి చెబుతాను, మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చి. ఒక జంట వచ్చారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. భర్త ఫోన్ టేబుల్ మీద బోర్లించి పెట్టాడు. భార్య మాట్లాడుతోంది, పెళ్లయిన ఏడాదిలో ఎవరికీ చెప్పుకోని మాటలు. మధ్యలో ఆ ఫోన్లోంచి దగ్గు వినిపించింది. ఒంగోలు నుంచి అత్తగారు లైన్లో ఉన్నారు, మొదటి నుంచీ. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న కౌన్సెలర్ ఏం చేయాలి? ఫోన్ కట్ చేయించాలా? చేయిస్తే కొడుకు లేచి వెళ్లిపోతాడు. స్పీకర్ పెట్టి ఆవిడనూ మాటల్లోకి తేవాలా? తెస్తే కోడలు మళ్లీ నోరు విప్పదు. ఇద్దరినీ విడదీసి ముందు ఆ అమ్మాయితో మాట్లాడాలా? ఇది పుస్తకంలో దొరకదు. ఆ నిమిషంలో పక్క గదిలో, అటువైపు నుంచి మాత్రమే కనబడే అద్దం వెనకాల అనుభవమున్న మనిషి కూర్చుని చూస్తూ, తలుపు తట్టి "ఒక్క నిమిషం బయటికి రా" అనాలి. సెషన్ అయ్యాక రికార్డింగ్ ముందు పెట్టుకుని "ఇక్కడ నువ్వు ఎవరి వైపు ఒరిగావో చూసుకో" అని అడగాలి. సూపర్‌విజన్ అంటే అదే. ఫ్యామిలీ థెరపీలో శిక్షణ అంటే ముప్పాతిక భాగం అదే.

ఆ అద్దం ఉన్న గది ఎన్నిచోట్ల ఉంది? ఆ వెనకాల కూర్చోగలిగినవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎందరు? బెంగళూరులో ఉన్నాం కాబట్టి మేం అదృష్టవంతులమని అందరూ అంటారు, జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పక్కనే ఉందిగా అని. ఉంది, అక్కడ ఫ్యామిలీ సైకియాట్రీ దశాబ్దాలుగా నడుస్తోంది. కానీ సీట్లు కొన్నే. పొద్దున్నే హోసూరు రోడ్డు మీద ఆ గేటు దగ్గర నిలబడితే చిత్తూరు యాస, కర్నూలు యాస చెవిన పడుతూనే ఉంటాయి. అంతమందికీ ఒక్క సంస్థే దిక్కంటే ఎలా? మిగతావాళ్లం ప్రైవేటుగా సూపర్‌విజన్ కొనుక్కుంటాం. గంటకు కట్టే ఫీజు తలుచుకుని, ట్రస్టుల్లో పనిచేసే కుర్ర కౌన్సెలర్లు "ఈ నెల వద్దులే మేడం" అంటారు. అలా మానేసిన నెలల్లో కూడా వాళ్లు కేసులు చూస్తూనే ఉంటారు. నాకు టెన్షన్ అంతా అక్కడే.

ఎందుకంటే చేతకాక చేసిన ఫ్యామిలీ థెరపీ ఊరికే పోదు. కొట్టే మొగుణ్ని, దెబ్బలు తినే పెళ్లాన్ని పక్కపక్కన కూర్చోబెట్టి "మనసులో ఉన్నది దాచుకోకుండా చెప్పండి" అనడం ప్రమాదం. శిక్షణ ఉన్నవాళ్లు ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు, ఇంట్లో హింస ఉందా, ఎంత ఉంది, ఆమెకు వెళ్లడానికి ఇంకో చోటుందా అని అడుగుతారు, అవసరమైతే జంటగా సెషనే పెట్టరు. శిక్షణ లేనివాళ్లకు ఈ ముందు మెట్టు ఉందనే తెలియదు. ఆమె ఆ గదిలో ధైర్యం చేసి చెప్పిన ప్రతి మాటకూ ఇంటికెళ్లాక లెక్క తేలుతుంది. మళ్లీ వారం రాదు. వీళ్లేమో "క్లయింటుకు మోటివేషన్ లేదు" అని రాసుకుంటారు.

ఈలోగా మ్యారేజ్ కౌన్సెలర్ బోర్డులకు కొదవ లేదు. రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్టు, ఒక ఫ్లెక్సీ, ఇన్‌స్టాలో నాలుగు రీల్స్. అంతే, కాపురాలు చక్కదిద్దేస్తారు. వాళ్ల దగ్గర చెడి మా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదటి రెండు మూడు సెషన్లు ఆ విరుగుడుకే సరిపోతాయి. వాళ్లకంటే మా ఊళ్లో పెద్దమనుషులే నయం అనిపిస్తుంది ఒక్కోసారి, వాళ్లు కనీసం ఫీజు తీసుకోరు. మేము మాత్రం ఏమని చెప్పుకోవాలి? రిజిస్టర్లో పేరే లేనప్పుడు, నేర్చుకున్నవాళ్లకూ నేర్చుకోనివాళ్లకూ తేడా జనానికి ఎవరు చూపిస్తారు?

మన పిల్లలు వెళ్లి స్థిరపడ్డ అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఈ పనికి విడిగా లైసెన్సు ఉంది. ఇదేదో విదేశీ సరుకు, మనకెందుకు అనుకునేవాళ్ల కోసం ఇంకో సంగతి: 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల ఇంటివాళ్లను ఆవరణలో గుడారాలు వేసి ఉంచి, వైద్యంలో కలుపుకున్నారు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కూడా తొలినాళ్లలోనే రోగితోపాటు కుటుంబాన్ని ఉండనిచ్చింది. కుటుంబాన్ని చేర్చుకుని మనసుకు వైద్యం చేయడంలో మనం ఒకప్పుడు ఎవరికన్నా వెనకబడి లేం. తర్వాత ఆ పనిని మనిషి నుంచి మనిషికి అందించే ఏర్పాటు పెట్టుకోలేదు, అంతే తేడా.

ఉన్న దారి కూడా ఎటు పోతోందో చూడండి. మాలాంటివాళ్లు ఈ పని కాస్తయినా నేర్చుకునేది ఎం.ఫిల్‌లో. 2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలతో ఎం.ఫిల్ ఎత్తేసింది. 2024 జనవరిలో, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ 2025-26 వరకు నడుపుకోండి అని గడువు ఇచ్చింది. పిల్లలు అప్లికేషన్ పెట్టాలా వద్దా అని మమ్మల్ని అడుగుతుంటే మేం వాట్సాప్ ఫార్వర్డులు చూసి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఎం.ఫిల్ స్థానంలో ఏ కోర్సు పెట్టినా, అందులో కుటుంబాలతో చేయాల్సిన పనికి ఎన్ని గంటలు ఉండాలో మీ శాఖ రాసి పెట్టకపోతే, ఉన్న ఆ కొన్ని వారాల పోస్టింగూ ఎగిరిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, చట్టం ఉన్నా మాకు ఒరిగింది లేదు.

ఇక పరిశోధన. దీనికి నిధులడిగితే "ఇందులో పరిశోధించేదేముంది" అన్న ప్రశ్న వస్తుంది. ఒక చిన్న కాగితం చూపిస్తాను. ఫ్యామిలీ థెరపీలో మొదట జీనోగ్రామ్ గీస్తాం. మూడు తరాల కుటుంబం ఒకే కాగితం మీద: మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి అడ్డగీత, పిల్లలకు నిలువు గీత, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. ఇప్పుడు మేనమామను చేసుకున్న అమ్మాయిని అందులో గీయండి. ఆమె గీత కింది తరం నుంచి పై తరంలోకి ఎక్కుతుంది. అత్తగారు ఆమెకు సొంత అమ్మమ్మ. మొగుడు అమ్మకు తమ్ముడు. అత్త మీద అమ్మకు చెప్పుకుందామంటే, ఆ అత్త అమ్మకు కన్నతల్లి. అలిగి పుట్టింటికి పోతే, చేరేది మొగుడి అక్క ఇంటికే. స్ట్రక్చరల్ ఫ్యామిలీ థెరపీని తీర్చిదిద్దిన సాల్వడార్ మినూచిన్ ఫిలడెల్ఫియాలో పనిచేస్తూ తరాల మధ్య హద్దులు స్పష్టంగా ఉండాలన్నారు. ఆయన మహానుభావుడే, రోజూ ఆయన చెప్పిందే వాడుకుంటాను. కానీ ఈ అమ్మాయి ఇంట్లో ఆ హద్దు ఎక్కడ గీయమంటారు? రాయలసీమలో, కర్ణాటకలో, తమిళనాట ఇలాంటి పెళ్లిళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లకు ఏ పద్ధతి పనిచేస్తుంది, ఏది బెడిసికొడుతుంది అన్నది మనమే కూర్చుని తేల్చుకోవాలి. మేం వాడే ప్రశ్నావళులు చాలావాటిలో ఇద్దరి మధ్య ప్రేమ, గొడవ, డబ్బు ఉంటాయి. జీతంలో ఊరికి ఎంత పోతోంది, చెల్లెలి పెళ్లి అప్పు ఎవరు తీరుస్తున్నారు, మామగారి ఆపరేషన్‌కు తాకట్టు పెట్టిన నగలు ఎవరివి అని అడగవు. మా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం అవే. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ల ఇళ్లలో తిట్లూ దెప్పుళ్లూ లండన్‌లో కంటే చండీగఢ్‌లో తక్కువని 1980ల్లో తేలింది. ఆ రోజుల్లో అది ప్రపంచమంతా చెప్పుకున్న సంగతి. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో రెండు గదుల ఫ్లాట్‌లో, షిఫ్టుల మధ్య ఎలా ఉందో ఎవరు చూస్తున్నారు?

నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కలు మీ దగ్గర ఉంటాయి. 1,70,924 ఆత్మహత్యలు. కారణాల్లో అన్నిటికన్నా పైన కుటుంబ సమస్యలు, 31.7 శాతం. పెళ్లికి సంబంధించినవి విడిగా మరో 4.8. పోలీసులు ఆ గడిని ఎంత తొందరగా నింపుతారో తెలుసు కాబట్టి నేను ఆ అంకెను అక్షరాలా నమ్మను. సగం కొట్టేయండి. అప్పుడైనా అది చిన్న సంఖ్యా? 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు, మంచిదే. విన్నాక ఆ ఇంటిల్లిపాదినీ ఎవరి దగ్గరికి పంపాలి?

కుటుంబ న్యాయస్థానాలు కావాలని 1953లో చైనా వెళ్లొచ్చాక మొదట పట్టుబట్టింది మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. చట్టం 1984లో వచ్చింది. అందులో కౌన్సెలర్ల మాట ఉంది, వాళ్లేం చదవాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్నది రాష్ట్రాల నిబంధనలకు వదిలేశారు. అదీ మీ శాఖ కాదంటారు, న్యాయ శాఖ అంటారు. సరే, వదిలేద్దాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మీదే కదా. అందులో 31వ సెక్షన్ మీదే కదా. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలో మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు తేవడానికి ప్రయత్నిస్తామని ప్రభుత్వం రాసిచ్చింది. 2018 మే నెలలో అమల్లోకి వచ్చింది. 2028 మే ఎంతో దూరంలో లేదు. ఆ సంఖ్యలో కుటుంబాలతో పనిచేసేవాళ్లు ఎంతమంది అని ఎవరైనా అడిగితే ఏం చెబుతారో, మాకూ కాస్త ముందుగా చెప్పండి.

షెడ్యూలు మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ చట్టం కింద ఏర్పడ్డ జాతీయ కమిషన్‌ను సంప్రదించి కేంద్రమే సవరించుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. ఆ పని చేయండి. అది కుదరకపోతే సోషల్ వర్కర్, సైకాలజిస్టు సిలబస్‌లలో కుటుంబంతో చేసే పనికి, సూపర్‌విజన్‌కు గంటలు రాయండి. నేర్పేవాళ్లను పెట్టండి, తెలుగు తెలిసినవాళ్లను కూడా. అద్దం ఉన్న గది జిల్లాకొకటి అడగడం లేదు, ఒక్కో మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగంలో ఒకటి చాలు, లేదా ఒక కెమెరా, పక్క గదిలో ఒక టీవీ, ఆ టీవీ చూడ్డానికి జీతమిచ్చి పెట్టుకున్న ఒక మనిషి. పరిశోధనకు డబ్బివ్వండి. ఇవన్నీ ఒకేసారి కావని తెలుసు. ఏది ముందో మీరే చెప్పండి, మేం దానికే కూర్చుని కాగితాలు తయారుచేసి ఇస్తాం. ఇదివరకు ఇచ్చినవి కనబడకపోతే, కాపీలు మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
బెంగళూరులో పనిచేస్తున్న ఒక తెలుగు ఫ్యామిలీ కౌన్సెలర్