తేడాను పంచే పని

అన్నయ్యకు,

నమస్కారాలు. వదినకు కూడా చెప్పు. ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం.

మొన్న ఫోనులో నువ్వు అన్న మాట నాలోనే తిరుగుతోంది. "ఇరవై ఆరేళ్ళు అకౌంట్స్‌లో పనిచేసి, ఈ వయసులో ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేయడమేమిటమ్మా?" అన్నావు. నీ గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. అందుకే అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఉత్తరంలో అయితే కుదురుగా చెప్పగలను.

ముందు నీ భయం సంగతి. ఆఫీసువాళ్ళు నన్ను తీసేసిన మాట నిజమే. మా విభాగం పనంతా కంప్యూటరే చేస్తోందని ఒకే రోజు పదకొండు మందిని పంపేశారు. అయితే రెండు నెలలకే ఇంకోచోట అదే పని, అలాంటి కుర్చీయే దొరికింది. వద్దన్నది నేనే. అప్పుడు నీకు చెప్పలేదు, క్షమించు. సంపాదన సగానికి తగ్గింది. ఇంటి అప్పు తీరింది, అమ్మాయి ఉద్యోగంలో చేరింది కాబట్టి ఆ సగంతో గడుస్తోంది. ఆ రెండూ కాకుండా ఉంటే నేను ఈ దారి పట్టేదాన్ని కాదు. నన్ను చూసి ఎవరైనా ఉద్యోగం మానేస్తామంటే వాళ్ళకీ ఇదే చెబుతున్నాను.

ఇక పని. పియానోకు వేళ్ళతో నొక్కే మెట్లు 88. తెల్లవి 52, నల్లవి 36. మెట్టు నొక్కగానే లోపల మెత్తటి ఉన్ని తొడిగిన చిన్న సుత్తి లేచి, తీగను కొట్టి, వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. అలా వెనక్కి రావడంలోనే ఉంది అసలు ఉపాయం. రాకపోతే ఆ సుత్తే తీగను మోగనివ్వదు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలోమియో క్రిస్తోఫోరి అనే వాద్యశిల్పి దీన్ని కనిపెట్టాడు. మంద్ర స్వరాలకు ఒక్కో తీగ, ఆపైన రెండేసి, ఇంకా పైన మూడేసి, మొత్తం సుమారు 230 తీగలు. అన్నీ కలిసి లాగే బలం 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. అందుకే లోపల పోత ఇనుప చట్రం పెడతారు. గదిలో ఓ మూల నిశ్శబ్దంగా ఉండే పెట్టెలో అంత లాగుడు ఉంటుందని మొదటిసారి మూత తీసి చూసేదాకా నాకు తెలియదు. వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బితే శ్రుతి పైకి పోతుంది. చలికాలంలో ఇళ్ళలో హీటర్లు పెడితే చెక్క ఎండి శ్రుతి కిందికి జారుతుంది. ఒకసారి చేస్తే అయిపోయే పని కాదిది.

నేర్పిన గురువుగారు డెబ్బై దాటిన మనిషి. మొదటి రోజే ఒకే స్వరానికి చెందిన మూడు తీగల్లో ఒకదాన్ని రబ్బరు ముక్కతో నొక్కిపెట్టి, మిగతా రెండింటినీ మోగించి వినమన్నాడు. నాకు ఒకే శబ్దం వినిపించింది. "శబ్దాన్ని కాదు, అందులో ఊగుతున్నదాన్ని విను" అన్నాడు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో విస్పందనాలు చదువుకున్నాం, గుర్తుందా? ఒక తీగ సెకనుకు 440 సార్లు, పక్కది 442 సార్లు కంపిస్తే ధ్వని సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నాను గాని, చెవితో ఎన్నడూ వినలేదు. మూడు వారాలు రోజూ కూర్చున్నా ఏమీ తెలియలేదు. చెవులకు వయసు మీద పడిందేమో, ఇక రాదేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఒక సాయంత్రం తల తీగల దగ్గరికి వంచి ఉన్నాను. ఉన్నట్టుండి "వూఁ... వూఁ..." అని లోపల ఒక ఊపు వినిపించింది. తీగను బిగించే తాళం చేతిలో ఉంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పాను. ఊపు నెమ్మదించింది. మరికాస్త తిప్పాను. పిల్లవాడు దిగి వెళ్ళిపోయిన ఉయ్యాలలాగా ఊపు సాగి, సాగి, ఆగింది. ఆగిన క్షణంలో రెండు తీగలు ఒక్క గొంతుతో పలికాయి. కళ్ళ నీళ్ళు ఆగలేదు అన్నయ్యా. అన్నేళ్ళ ఉద్యోగంలో ఏ మార్చి నెలాఖరునా అలాంటి క్షణం నాకు దొరకలేదు.

చూపుతో దాదాపు పని లేని విద్య ఇది. 19వ శతాబ్దంలో పారిస్‌లో, లూయీ బ్రెయిల్ ఉన్న అంధుల పాఠశాలలోనే చదివిన క్లోద్ మోంతాల్ దీన్ని సొంతంగా నేర్చుకుని, పేరు తెచ్చుకుని, తోటి అంధులకూ నేర్పాడు. నాకు రాదేమో అనిపించినప్పుడల్లా గురువుగారు ఆయన సంగతి ఎత్తేవాడు.

వినడం వచ్చాక చేయి రావాలి. తీగ చుట్టిన ఉక్కు బిరడా చెక్కలో బిగిసి ఉంటుంది. తిప్పినప్పుడు అది కాస్త మెలితిరిగి, వదలగానే వెనక్కి జరుగుతుంది. అందుకని కావలసినదానికంటే రవ్వంత పైకి తీసుకెళ్ళి, దింపి, అక్కడ నిలబెట్టాలి. రెండో ఏడాది, చాలాకాలం ఎవరూ ముట్టని ఒక పియానోను తొందరపడి ఒకే విడతలో పైకి లాగబోతే తీగ ఫట్మని తెగింది. గురువుగారు ఒక్క మాట అనలేదు. కొత్త తీగ చుట్టడం చూపించాడు. ఇప్పుడు అలాంటివాటిని రెండు విడతలుగా చేస్తాను. భుజం నొప్పి పెడుతుంది, మెట్లు గట్టిగా కొట్టాలి కాబట్టి చెవుల్లో రక్షణ పెట్టుకుంటాను. దానికి నువ్వు బెంగపడకు.

ఇప్పుడు నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. షడ్జమానికి (స) పంచమం (ప) కంపనాల లెక్కలో 3:2 నిష్పత్తిలో ఉంటుంది కదా. ఆ పంచమాన్నే షడ్జమం చేసుకుని మళ్ళీ పంచమానికి, అలా పన్నెండుసార్లు వెళితే ఏడు స్థాయిల పైన మొదటి షడ్జమమే రావాలి. రాదు! కాగితం మీద నేనే వేసి చూశాను. ఒక స నుంచి పై స దాకా ఒక స్థాయి, స్థాయికి రెట్టింపు చొప్పున ఏడు స్థాయిలంటే 128 రెట్లు. పన్నెండు పంచమాలంటే 129.75 రెట్లు. ఆ తేడాకు పైథాగరస్ పేరు పెట్టారు. దాన్ని ఒకేచోట వదిలేస్తే ఆ ఒక్క పంచమం వినలేనంతగా ఊళ పెడుతుంది. పాతకాలపు యూరప్ సంగీతజ్ఞులు దాన్ని తోడేలు అనేవారు.

ఆఫీసులో తేడా అంటే ఎవరిదో తప్పు. పైసా తేడా వచ్చినా అర్ధరాత్రి దాకా వెతికేదాన్ని, దొరికినప్పుడు ఎవరో ఒకరు తల దించుకునేవారు. ఈ తేడా ఎవరి తప్పూ కాదు. ధ్వని స్వభావంలోనే ఉంది, సున్నా చేయడం ఎవరివల్లా కాదు. పన్నెండు పంచమాలకూ సమంగా పంచాలి, అంతే. ఒక్కో పంచమం నుంచి, రెండు పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో దాదాపు యాభయ్యో వంతు తగ్గించాలి. చెవి మాత్రం శుద్ధ పంచమాన్నే కోరుతుంది. చేయి దానికి ఒక పిసరు ఇవతలే ఆగాలి. మధ్య స్థాయిలో ఆ పంచమం సెకనుకు ఒకసారికంటే కొంచెం తక్కువగా ఊగుతూనే ఉండాలి. అమ్మ తంబూరా దగ్గర కూర్చుని వింటే ఈ పంచమాన్ని ఒప్పుకునేది కాదు. ఆమెది ఒకే ఆధార షడ్జమం, ఆమెకు శుద్ధమే న్యాయం. ఈ వాద్యం మాత్రం పన్నెండు స్వరస్థానాల్లో దేన్ని షడ్జమం చేసుకున్నా పలకాలి. ప్రతిసారీ ఆ పిసరు దగ్గర ఆగుతున్నప్పుడు నాకు కలిగే తృప్తి ఏమిటో ఇంతకంటే బాగా చెప్పలేను.

పోయిన వారం ఒక ఇంట్లో పనిచేస్తుంటే పదకొండేళ్ళ పిల్ల వచ్చి పక్కన నిలబడింది. నేను ఏమీ చెప్పలేదు. కాసేపటికి "అది ఊగడం ఆగిపోయింది" అంది. మూడు వారాలు వెతికినది ఆ పిల్లకు మూడు నిమిషాల్లో వినిపించింది. తాళం చేతికిచ్చి, నా చేయి మీద చేయి వేయించి, పక్క తీగను తనచేతనే కలిపించాను. ఆ పూట పని గంట ఆలస్యమైంది.

అన్నట్టు, అమ్మ తంబూరా అటక మీదే ఉందా? ఉంటే దింపించి, ఎండా తేమా తగలని గదిలో పెట్టించు. కుండకు పగుళ్ళు ఉన్నాయేమో చూడు. బిరడాలు ఎవరినీ తిప్పనివ్వకు, బిగిసిపోయి ఉంటాయి, విరుగుతాయి. పాత తీగలు తుప్పు పట్టినా పారేయవద్దు. సెలవులకు వచ్చినప్పుడు వాటి మందం కొలిచి కొత్తవి నేనే వేస్తాను.

నీ చెల్లెలు