గంటలు లెక్కపెట్టిన పిల్లకి

అమ్మలూ,

ఆదివారం ఫోను ఎత్తలేదు. పనిలో ఉండి ఉంటావు, సరే. ఇక్కడ అందరం కులాసా. కాలవలు కట్టేశారు, చెరువు నీళ్లు అప్పుడే పచ్చబడ్డాయి. మీ అమ్మ ఆవకాయ ముక్కలు కొట్టిస్తోంది. సత్తిపండు మళ్లీ రొయ్యల చెరువు పెట్టి చేతులు కాల్చుకున్నాడు. భీమవరం పిన్ని వచ్చి ఏదో అంది. నేను పట్టించుకోలేదు.

ఈమధ్య పొద్దుపోక ధ్యాస గురించి చదువుతున్నాను, ఊరికే. 2001లో మసూదా, నిస్బెట్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు జపాన్ విద్యార్థులకీ అమెరికా విద్యార్థులకీ నీళ్లలో చేపలు తిరిగే దృశ్యాలు చూపించారు. అమెరికా పిల్లలు పెద్ద చేపతో మొదలెట్టారట. జపాన్ వాళ్లు ముందు నీళ్లూ నాచూ చుట్టుపక్కల సంగతులూ చెప్పారట. 2008లో ఇంకొందరు ఇలాంటి రెండు రకాల వాళ్లనీ ఎమ్మారై మిషన్లో పడుకోబెట్టి చట్రంలో గీత చూపించారు. గీతని విడిగా చూడడం ఒక పని, చట్రంతో పోల్చి చూడడం ఇంకో పని. ఎవరికి అలవాటు లేని పని వాళ్లకి పడ్డప్పుడు, నుదుటి వెనకా నడినెత్తి కిందా ధ్యాసని పట్టి ఉంచే భాగాలు ఎక్కువ శ్రమపడ్డాయి.

అలాగని తూర్పు ఇలా, పడమర అలా అని తేల్చేస్తే నాకు నచ్చదు. నమీబియాలో హింబాలని పశువుల కాపరులున్నారు. పల్లెల్లో ఉండేవాళ్లు చుట్టూ ఏమున్నా నడిమి బొమ్మ మీంచి చూపు తిప్పుకోరట. వాళ్లలోనే పట్నం చేరినవాళ్లకి ఆ పట్టు తగ్గింది. నువ్వున్నదీ పట్నమే. రాత్రి ఫోను తల దగ్గర పెట్టుకోకు. కాఫీలు తగ్గించు. తొమ్మిదికల్లా అన్నం తిను. ఇంక చెప్పను.

పిన్ని మాటలు నమ్మాలంటే నువ్వు మీటింగుల్లో పరధ్యానంగా ఉంటున్నావట. నాకు నవ్వొచ్చింది. మన శివాలయంలో అష్టావధానం గుర్తుందా? నీకు ఎనిమిదేళ్లు. యండగండిలో పుట్టిన దివాకర్ల వారూ, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వారూ, అదే తిరుపతి వెంకట కవులు, ఊరూరా తిప్పిన విద్య మనది, పిల్లకి చూపిద్దామని తీసుకెళ్లాను. ఒకాయన సమస్య ఇచ్చాడు. ఇంకొకాయన నిషిద్ధాక్షరి అంటూ అక్షరం అక్షరానికీ అడ్డుపడ్డాడు. మన పోస్టుమాస్టారు అప్రస్తుత ప్రసంగం. మంచి పద్యం మధ్యలో “అవధానిగారూ, పులస పులుసులో బెండకాయ వెయ్యమంటారా?” అన్నాడు. గుడి గుడంతా నవ్వులే. ఈ గోలలోనే ఉండుండి గంట కొడుతుంటే, అవధానిగారు అవీ లెక్కపెట్టుకోవాలి. నువ్వేమో స్తంభానికి చేరబడి ప్రసాదం దొన్నె చింపుతున్నావు. “దీనికి ధ్యాసే లేదండీ” అని మీ అమ్మ గొణిగింది. చివర్లో ఆయన నోరు తెరిచేలోగా నా పంచె లాగి “ముప్ఫై ఏడు నాన్నా” అన్నావు. నీ ఒళ్లో ఆకుముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి, గంటకొకటి. పద్యం మాత్రం ఒక్కటీ నీ చెవిన పడలేదు!

మనింట్లో పొయ్యి మీద పాలు, గట్టు మీద పోయేవాళ్లు, దొడ్లో గేదె, మామ్మ దగ్గు, అన్నీ ఒక చెవిన వేసుకుంటూ చదివావు నువ్వు. ఇప్పుడు చెవులు మూసుకుని ఒక్క తెర ముందు కూర్చోమంటే కష్టమే మరి. అదొక్కటే అని నేననను. ధ్యాస కుదరని జబ్బంటూ ఉంటే అది బద్ధకం కాదు, చాలావరకు వంశంలో వచ్చేదేనట. మీ తాతయ్య ఎరువు బస్తాకి వెళ్లి లాకుల దగ్గర పడవలు చూస్తూ చీకటిదాకా కూర్చునేవాడు. ఆయన్ని డాక్టరుకి చూపించినవాళ్లు లేరు, తిట్టినవాళ్లే అందరూ. డాక్టరు దగ్గరికి వెళ్లావంటే నాకేం నామోషీ లేదు. వెళ్లావనడం లేదు.

సున్నుండలు బస్సుకి వేశాను, పొద్దున్నే వెళ్లి తీసుకో. డబ్బా మూత బిగించి పెట్టు, చీమలు పడతాయి. అన్నట్టు, ఆ మాత్రలు అన్నానికి ముందా, తర్వాతా? డాక్టర్ని అడిగావా?

మీ నాన్న