వైవా అయ్యాక ప్రాజెక్టులు బీరువాలోకేనా?

తిరుపతి కాలేజీల్లో పిల్లలు చేసే రీసెర్చ్ ప్రాజెక్టులు వైవా అయిపోగానే బీరువాల్లోకి పోతున్నాయి. మా అమ్మాయి నేలవేము ఆకుల సారం తీసి ఈ.కోలై అనే బ్యాక్టీరియా మీద పరీక్షించింది, బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి అగార్ ప్లేటులో సారం పోసిన గుంత చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో కొలిచారు, అంతటితో సరి. సారం తీయడానికి వాడిన మిథనాల్ కూడా సూక్ష్మజీవుల్ని చంపుతుంది కదా, పోల్చి చూడటానికి ఒట్టి మిథనాల్ పోసిన గుంత, అంటే కంట్రోల్, పక్కన లేకపోతే ఏది చంపిందని చెప్పాలి? ఎంత తక్కువ మోతాదుకి పెరుగుదల ఆగుతుందో, అంటే ఎంఐసీ, అదీ చూడలేదు. శేషాచలం పక్కనే ఉండి మొక్కల మీద ఇలా పైపైన పని చేయడం నాకు నిజంగా బాధగా ఉంది. ఇంజనీరింగ్‌లోనూ అంతే, అందరూ చూసే వీడియో కాపీని సెల్ టవర్ దగ్గరే దాచే క్యాషింగ్ పద్ధతి సిమ్యులేషన్ దాటి రావడం లేదు. గరుడసేవ రోజు తిరుమలలో దాన్ని పరీక్షించొచ్చు; ఫోన్‌కీ టవర్‌కీ మధ్య రద్దీ తగ్గకపోయినా టవర్ వెనక లైన్ మీద భారమైనా తగ్గుతుంది. కంట్రోల్, ఎంఐసీ లేని ప్రాజెక్టుకి మార్కులు వేయకూడదు, వాడిన మొక్క నమూనాని ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే యూనివర్సిటీ హెర్బేరియంలో పెట్టించాలి, ఫెయిలైన వాటితో సహా ఫలితాలన్నీ తర్వాతి బ్యాచ్ చూసుకునేలా యూనివర్సిటీలు ఒకేచోట ఆన్‌లైన్‌లో ఉంచాలి.

– ఒక విద్యార్థిని తండ్రి, తిరుపతి