ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మాత్రమే మార్చి పంపడం ఇక మన షెడ్డులో ఉండదు

తిరుపతిలో మన షెడ్డుకు పాత ఎస్‌యూవీలు తెచ్చే వాళ్లందరికీ ఒక విషయం చెప్పాలి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, పదేళ్లు దాటిన బొలెరో, స్కార్పియో, సఫారీ, సుమో లాంటి బండ్లకు ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చి గంటలో తాళం చేతికిచ్చే పని మానేస్తున్నాం. ప్యాడ్లు మార్చే ప్రతి బండికీ, చక్రంతో తిరిగే డిస్కుకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు విప్పి చూస్తాం, వెనక చక్రాల బ్రేకులుండే డ్రమ్ములు కూడా తీసి చూస్తాం. దానికి ఒక పూట పడుతుంది, లేబర్ కూడా పెరుగుతుంది. ఎందుకో, ఎంత పెరుగుతుందో దాచకుండా చెబుతాను.

ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట, "ఏమన్నా, మొన్ననే కదా ప్యాడ్లు వేసింది, అప్పుడే అయిపోయాయా?" అని. మామూలుగా 30 వేల కిలోమీటర్ల దాకా రావాల్సిన ప్యాడ్లు 8 వేలకో 10 వేలకో ప్యాడు అడుగు రేకు దాకా అరిగిపోతే ఎవరికైనా మొదట ప్యాడ్ల మీదే అనుమానం వస్తుంది. డూప్లికేట్ సరుకు మార్కెట్లో ఉన్న మాట నిజమే. కానీ మంచి కంపెనీ ప్యాడ్లు వేసిన బండి కూడా అంతే తొందరగా తిరిగొస్తే తప్పు ప్యాడ్లది కాదు. బండిలో ఇంకెక్కడో ఉంది. అది చూడకుండా మూడోసారి కూడా ప్యాడ్లు అమ్మితే మాకు ఆదాయమే, మీకు మాత్రం ఏడాదికి రెండుసార్లు డబ్బులు దండగ. అదే బండిలో మీ కుటుంబం కొండ దిగుతుంది. ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు.

విప్పిన పాత ప్యాడ్లను ఇక నుంచి మీ ముందే బల్ల మీద పెడతాం. చాలా సంగతి అక్కడే తెలుస్తుంది. నాలుగూ సమానంగా, కానీ తొందరగా అరిగితే ముందు చక్రాల మీద పని భారం ఎక్కువైందని అర్థం. ఒక్క చక్రంవే అరిగితే ఆ వైపు బ్రేకు వదలకుండా పట్టేస్తోంది. ఒకే చక్రంలో ప్యాడును నెట్టే పిస్టన్ వైపు, అంటే లోపలి ప్యాడు పలచబడి, బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ జరగాల్సిన పిన్నులు బిగుసుకుపోయాయి. ప్యాడు ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా, ఏటవాలుగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి మాత్రమే జామ్ అయి ఉంటుంది, లేదంటే ప్యాడు కూర్చునే చోట తుప్పు పేరుకుని ఉంటుంది.

పిన్నుల సమస్య చిన్నదే. రబ్బరు బూటు చిరిగి నీళ్లు పోవడం వల్లో, ఎవరో చక్రాలకు వాడే మామూలు గ్రీజు పూయడం వల్లో వస్తుంది. ఆ గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు వేరే ఉంటుంది, కొద్దిగా చాలు.

అసలు చిక్కు వెనక ఉంటుంది. ఇటీవల ఒక ట్రావెల్స్ బొలెరో వచ్చింది. ముందు నాలుగు ప్యాడ్లూ సమానంగా అయిపోయాయి. హ్యాండ్ బ్రేక్ లివరు దాదాపు చివరిదాకా లాగితే గానీ పట్టడం లేదు. డ్రమ్ములు తీస్తే కుడివైపు షూలు (డ్రమ్మును లోపలి నుంచి పట్టే బ్రేకు ముక్కలు) ఇరుసు ఆయిల్‌లో తడిసిపోయి ఉన్నాయి. ఎడమవైపు, షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టర్ తుప్పుతో కదలడం లేదు, షూల మీద అరిగే పొర, అంటే లైనింగ్ మాత్రం కొత్తదానిలా మందంగా ఉంది. "వెనకవి ఇంకా బాగున్నాయిలే" అన్నారు ఓనరు. పని చేసే లైనింగ్ అరగాలి కదా. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో వెనక లైనింగ్ కొత్తగా కనిపిస్తే నేను భయపడతాను.

బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో 60, 70 శాతం ఎలాగూ ముందు చక్రాలదే. వెనకవి చేయాల్సిన మిగతా పని కూడా ముందు వాటి మీదే పడితే ప్యాడ్లు అరగడంతో పాటు డిస్కులు కాగిపోతాయి, వంకర పోతాయి, తొక్కినప్పుడు పెడల్ అదురుతుంది. ఆ బొలెరోకు ఇరుసు ఆయిల్ బయటికి రాకుండా ఆపే వెనక సీల్ ఎందుకు పోయిందని చూస్తే, ఇరుసు మీద గాలి పోవడానికి ఉండే చిన్న బ్రీదర్ మట్టితో మూసుకుపోయింది. లోపల వేడికి ప్రెషర్ పెరిగి ఆయిల్ సీల్‌ను దాటుకుని వచ్చేసింది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీల్ ఒక్కటే మార్చి ఉంటే కొత్త సీల్ కూడా పోయేది.

ఇంకో కారణం మన ప్రాంతంలో బాగా కనిపిస్తుంది. లోడు కోసం వెనక కమాన్లకు (బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులకు) ఒక పట్టీ అదనంగా వేయిస్తారు, బండి పైకి లేస్తుంది. కొన్ని బండ్లలో వెనక ఎంత బరువుందో చూసి బ్రేక్ ప్రెషర్ తగ్గించే, పెంచే వాల్వు ఉంటుంది. ఇరుసుకూ బాడీకీ మధ్య ఎడం పెరిగితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనకకు ప్రెషర్ తగ్గించేస్తుంది. పట్టీ వేయించిన వాళ్లు దయచేసి ఆ సంగతి ముందే చెప్పండి, వాల్వు రాడ్డు మళ్లీ సెట్ చేయాలి.

ఒక్క చక్రమే పట్టేస్తుంటే మేం చేసే పరీక్ష ఇది. జాకీ ఎత్తి, బ్రేకు తొక్కి వదిలి, చక్రం తిప్పుతాం. బిగుసుకుని ఉంటే క్యాలిపర్ నిప్పల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొద్దిగా వదులు చేస్తాం. అప్పటికీ చక్రం వదలకపోతే పిస్టనో పిన్నులో జామ్. ఆయిల్ చిమ్మి చక్రం తేలికైతే లోపల ప్రెషర్ నిలిచిపోతోందన్నమాట. నిప్పల్ బిగించి, మళ్లీ తొక్కి, ఈసారి రబ్బరు హోస్ పైపుకు పైన ఉండే ఇనప పైపు నట్టు వదులు చేస్తాం. అయినా చక్రం వదలకపోతే దోషం హోస్‌లోనే. పైకి నున్నగా కనిపించినా లోపలి పొర ఉబ్బిపోయి ఉంటుంది. తొక్కినప్పుడు బలంగా పోయిన ఆయిల్, వదిలాక వెనక్కి రాలేదు. ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ మార్చేస్తే వేలల్లో ఖర్చయి సమస్య అలాగే ఉంటుంది. హోస్‌లు మారిస్తే రెండు వైపులా మారుస్తాం. రెండు ముందు చక్రాలూ పట్టేస్తుంటే మాత్రం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది), బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచేది) రాడ్డు, పెడల్ ఆట, అంటే పెడల్‌లో ఉండే వదులు చూడాలి.

ఇక కొండ సంగతి. తిరుమల నుంచి దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. దిగే ఎత్తు సుమారు ఆరేడు వందల మీటర్లు. మనుషులతో కలిపి రెండు టన్నుల బండి అంత ఎత్తు దిగితే పుట్టే శక్తిని లెక్కగడితే, 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని పాతిక సార్లు పూర్తిగా ఆపినంత. అదంతా బ్రేకుల మీదే వేస్తే ఎంత మంచి ప్యాడైనా తట్టుకోలేదు. ఎక్కిన గేరులోనే దిగండి. పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచకండి, గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదలండి, డిస్కుకు గాలి తగలనివ్వండి. న్యూట్రల్‌లో అసలు వద్దు. ఇంజిన్ ఆపితే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందదు, ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కిందికి దిగగానే చక్రాల మీద చల్లనీళ్లు కొట్టకండి, డిస్కులు పాడవుతాయి.

బ్రేక్ ఆయిల్ గురించి కూడా చెప్పాలి. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కు 230, 155. ఘాట్‌లో పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి ఒక కారణం ఇదే. రెండేళ్లకోసారి మార్చండి. ఇంకో మాట, డబ్బాలో లెవెల్ తగ్గిందని పైనుంచి పోస్తూ ఉండకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ దానంతటదే దిగుతుంది. అంతకంటే తొందరగా దిగితే ఎక్కడో లీకు ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ముందు ప్యాడ్లు మార్చే లేబర్ ఇప్పటిదాకా 500 తీసుకున్నాం. ఇక నుంచి 1,400. అందులో క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు వేయడం, డిస్కు మందం కొలవడం, వెనక డ్రమ్ములు తీసి దుమ్ము దులిపి అడ్జస్ట్ చేయడం, హ్యాండ్ బ్రేక్ సెట్ చేయడం ఉంటాయి. సామాను ఖర్చు వేరు. ఏది మార్చాల్సి వచ్చినా ముందు ఫోన్ చేసి, ఫొటో పంపి, మీరు సరే అన్నాకే మారుస్తాం. విప్పిన పాత సామాను మీకే ఇస్తాం. డిస్కు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, దానికంటే పలచబడితే లేత్ మీద పెట్టి కోయం, కొత్తది వేయాల్సిందే. కంపెనీ పేరు లేని చౌక ప్యాడ్ల స్టాకు ఆపేశాం. మీ దగ్గర ప్యాడ్లు ఉంటే బిల్లుతో తెచ్చుకోండి, వేస్తాం.

వెనక విప్పొద్దు, ముందువి మార్చి ఇచ్చేయండి అంటే మాత్రం ఆ పని తీసుకోలేం. ఈ మాటతో కొందరు వేరే షెడ్డుకు వెళ్తారని తెలుసు. వెళ్లేవాళ్లకు కూడా ప్యాడ్ల మందం ఎంతుందో కొలిచి, కాగితం మీద రాసి ఇస్తాం, దానికి డబ్బులు వద్దు.

శని, ఆదివారాలు రద్దీ కాబట్టి మంగళవారం నుంచి గురువారం లోపు, ఉదయం తొమ్మిదిన్నరకల్లా బండి వదిలితే సాయంత్రానికి ఇచ్చేస్తాం. బ్రహ్మోత్సవాలకు బండి తిప్పేవాళ్లు కనీసం రెండు వారాల ముందే రండి. వచ్చేముందు హ్యాండ్ బ్రేక్ ఎన్ని క్లిక్కులకు పడుతోందో, కాసేపు నడిపి ఆపాక ఏ చక్రం దగ్గర చేయి పెడితే ఎక్కువ సెగ తగులుతోందో చూసి ఫోన్‌లో చెప్పండి. డిస్కును ముట్టుకోకండి. ఆ రెండూ తెలిస్తే కావాల్సిన సామాను ముందే తెప్పించి ఉంచుతాం.