సంతకానికి ముందు చదవవలసిన ఉత్తరం

చిరంజీవి వసుధకు, అమ్మ ఆశీస్సులు.

జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో దెబ్బతిన్న రియాక్టర్ల శుద్ధి పనికి ఎంపికయ్యావని రాశావు. వెళ్లవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇన్నేళ్లు రేడియేషన్ చికిత్స విభాగంలో పనిచేసినదాన్ని గనుక, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే నువ్వు అడిగి తీరవలసినవి కొన్ని చెప్పాలనుకుంటున్నాను.

జపాన్ నిబంధనల ప్రకారం రేడియేషన్ పనిలో ఉన్న స్త్రీకి మూడు నెలల్లో 5 మిల్లీసీవర్టులకు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది) మించి మోతాదు తగలకూడదు. 2011 మార్చిలో ప్రమాదం జరిగిన తొలి రోజుల్లో అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగినికి 17 మిల్లీసీవర్టులకు పైగా తగిలిందని తరువాత తేలింది. పరిమితి గట్టిదే. అయితే దానికున్న మినహాయింపును కూడా చదువు. గర్భం దాల్చే అవకాశం లేదని వైద్యులు నిర్ధారించిన స్త్రీకి అది వర్తించదు. పురుషులకున్న హద్దే, అంటే ఐదేళ్లకు 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 అన్నదే ఆమెకూ హద్దు. ఆ నిబంధన చూపు పుట్టబోయే బిడ్డ మీద ఉంది. అది ఉండవలసిందే. కానీ గర్భసంచి లేనంత మాత్రాన స్త్రీ రొమ్ము, ఊపిరితిత్తులు పురుషుడివి అయిపోవు కదా!

హిరోషిమా, నాగసాకి బాధితుల ఆరోగ్యాన్ని 1950 నుంచి గమనిస్తూ వచ్చినవారికి ఒకే మోతాదుకు స్త్రీలలో గడ్డ క్యాన్సర్ల, అంటే రక్త క్యాన్సర్ కాక అవయవాల్లో గడ్డగా పెరిగే వాటి, ముప్పు పురుషుల కంటే ఎక్కువగా కనిపించింది. ఆ సమాచారం ఆధారంగా అమెరికా జాతీయ అకాడమీ నిపుణులు 2006లో ఒక అంచనా వేశారు: అన్ని వయసులవారూ కలిసిన లక్ష మందికి ఒక్కసారిగా 100 మిల్లీసీవర్టులు తగిలితే, జీవితకాలంలో అదనంగా వచ్చే గడ్డ క్యాన్సర్లు పురుషుల్లో 800, స్త్రీలలో 1,300. ఈ తేడాకు రొమ్ము క్యాన్సర్ ఒక కారణమైతే, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరొకటి. రేడియేషన్ ఏమీ లేకపోయినా ఆ లక్షమంది స్త్రీలలో సుమారు 37,000 మందికి ఈ జబ్బులు వచ్చేవేనని కూడా అదే నివేదిక చెబుతుంది కాబట్టి, నువ్వు బెదిరిపోనవసరం లేదు. అలాగని ఆ తేడాను లెక్కలో నుంచి తీసేయనూ వద్దు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కాలం. రక్త క్యాన్సర్ కొన్నేళ్లకే బయటపడవచ్చు, గడ్డ క్యాన్సర్లకు దశాబ్దాలు పడుతుంది. అప్పటికి నీ ఒప్పందం ముగిసి ఉంటుంది, బహుశా నిన్ను నియమించిన ఉపగుత్తేదారు సంస్థే ఉండదు. 1986లో అణు ప్రమాదం జరిగిన తరువాత చెర్నోబిల్ శుద్ధికి వెళ్లిన సుమారు ఆరు లక్షల మందిలో నర్సులుగా, వంటవారుగా పనిచేసిన స్త్రీలూ ఉన్నారు. ఆ పనివారిలో చాలామందికి తగిలిన మోతాదు నమోదే కాలేదు, లేదా ఉజ్జాయింపుగా రాశారు. దాంతో తరువాత వచ్చిన జబ్బుకు పనితో సంబంధం చూపించడం కష్టమైంది.

అందుకే, మోతాదు నమోదు ప్రతి నెలా నీ చేతికి రావాలని అడుగు. పూర్తి ముఖ మాస్కు నీ ముఖానికి బిగువుగా అమరుతోందో లేదో పరీక్షించకుండా లోపలికి వెళ్లకు; సందులోంచి పీల్చిన ధూళి ఒంట్లోనే ఉండిపోతుంది, ఛాతీ మీద పెట్టుకునే డోసిమీటరు, అంటే మోతాదు కొలిచే పరికరం, దాన్ని చూపించదు. 2011 నాటి అత్యవసర పనివారికి 50 మిల్లీసీవర్టులు దాటితే కంటి పరీక్ష, 100 దాటితే క్యాన్సర్ పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. తరువాత చేరే నీకు ఉద్యోగం వదిలాక రొమ్ము, థైరాయిడ్ పరీక్షలు ఎవరు చేయిస్తారో, ఎన్నేళ్లు చేయిస్తారో రాతపూర్వకంగా తీసుకో. వాళ్లిచ్చిన జవాబు నాకు పంపు, ఇద్దరం కలిసి చదివాక సంతకం సంగతి చూద్దాం.

ఇట్లు,
అమ్మ